సర్కారు కంపను సర్కారే పీకాలి

ఆలూరు, పత్తికొండ ఎర్రనేలల్లో వేరుశనగ చేలను చూడండి. కమలాపురం, జమ్మలమడుగు నల్లరేగడిలో పప్పుశనగ చేలను చూడండి. గట్టు మీద కంపచెట్లున్న చోట గట్టును ఆనుకున్న నాలుగైదు సాళ్లు గిడసబారి ఉంటాయి. మొలక పలచన, ఆకు పసుపు, పీకి చూస్తే వేరు పొట్టి. చేను మధ్యలో మోకాలెత్తు పైరు ఉంటే ఇక్కడ జానెడు కూడా ఉండదు. కారణమేమని అడిగితే రైతు నీడ అంటాడు. వ్యవసాయాధికారి కంప నీళ్లు లాగేస్తోందంటాడు. మందులంగడి ఆయన వేరుకుళ్లని చెప్పి ఒక సీసా చేతిలో పెడతాడు. నీడా నిజమే, నీళ్ల పోటీ మరీ నిజం. కంప వేరు ఎంత లోతుకు పోతుందో బోర్లు వేసి మునిగిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ వీటికి తోడు ఇంకొక కారణముంది. ఆ చెట్టు తన ఆకుతో, కాయతో, వేరుతో నేలలోకి విషం దింపుతుంది. ఆ విషం పైరు వేరును లోపలి నుండి కాలుస్తుంది.

ఈ మాట మన భూసార పరీక్ష కార్డులో ఉండదు. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఉదజని సూచిక ఉంటాయి. నష్టం అంచనా వేసే పంటల బీమా కాగితాల్లోనూ ఉండదు. అందుకే ఆ నాలుగు సాళ్ల నష్టం ఎప్పుడూ రైతు 'యాజమాన్య లోపం' ఖాతాలోనే పడుతోంది. ఈ లెక్కనే మనం ఒప్పుకోవడం లేదు.

మన జనం ఈ చెట్టుకు పెట్టిన పేరే అసలు సంగతి చెబుతుంది. కొన్ని ఊళ్లలో సర్కారు కంప, కొన్నిచోట్ల సర్కారు తుమ్మ, ఇంకొన్నిచోట్ల ఇంగ్లీషు తుమ్మ. తెచ్చిందెవరో జనానికి గుర్తుంది, సర్కారుకే గుర్తు లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ ఎండు ప్రాంతాల్లో పెంచడానికి ఈ విత్తనం కావాలని తన ప్రభుత్వానికి రాశాడు. 1877లో జమైకా నుండి విత్తనం వచ్చింది. దాన్ని మొదట నాటిన చోటు ఎక్కడో కాదు, మన కడప జిల్లా కమలాపురమే. 1877 అంటే ధాత కరువు నడుస్తున్న ఏడు. కర్నూలు, కడప పల్లెల్లో జనం గంజి కేంద్రాల ముందు కూలిపోతున్న కాలంలో దొరలు ఈ నేలకు పంపిన కానుక ఇది. తర్వాత వచ్చిన మన ప్రభుత్వాలూ దీన్ని ఆపలేదు. కరువు సీమకు పచ్చదనమని, పేదోడికి వంటచెరకని చెప్పి దేశమంతా పెంచాయి. కాయ తియ్యగా ఉంటుంది, మేకలూ గొర్రెలూ పశువులూ తింటాయి, విత్తనం అరగకుండా పెంటలో బయటపడుతుంది. ఆ పెంటనే మనం ఎరువుగా చేనికి తోలుకుంటాం. ఇంతకంటే తెలివైన విత్తన సరఫరా వ్యవస్థ ఏ కార్పొరేషన్‌కూ లేదు.

ఇప్పుడు విషం సంగతి. చెట్టు విషం చల్లుతుందంటే కొందరు నవ్వుతారు. అందుకే వివరంగా చెప్పుకుందాం.

మొక్కకు కాళ్లు లేవు, పారిపోలేదు. పక్క మొక్కను తరమాలన్నా, పురుగును ఆపాలన్నా దాని చేతిలో ఉన్నవి రసాయనాలే. జొన్ననే తీసుకోండి. తొలకరికి మొలిచిన జొన్న వాన లేక వాడితే ఆ చిరుపైరు మేసిన పశువు నురగ కక్కి చస్తుంది. అది జొన్న తన కోసం దాచుకున్న సైనైడు. జొన్న వేరు నుండి సోర్గోలియోన్ అనే జిడ్డు పదార్థం ఊరి పక్కన కలుపును మొలవనివ్వదు. జొన్న కోసిన మడిలో వెంటనే వేసిన పైరు సరిగా లేవదని పెద్దలు చెప్పేది ఊరికే కాదు. కంపచెట్టుదీ ఇదే విద్య. కాకపోతే జొన్న ఏడాదికోసారి వచ్చి పోయే చుట్టం, కంప గట్టెక్కి కూర్చున్న వడ్డీ వ్యాపారి.

కంప ఆకులో ఫినాల్ ఆమ్లాలున్నాయి, ఆల్కలాయిడ్లున్నాయి. ఆకులు నానిన నీటిలో పక్క మొక్కల వేరు ఎదుగుదలను ఆపే పదార్థాల్లో ట్రిప్టోఫాన్ ఒకటని జపాన్ శాస్త్రవేత్తలు 2001లో తేల్చారు. కంప ఆకు కషాయం తగిలితే గరిక విత్తనం సరిగా మొలకెత్తదని సౌదీ అరేబియాలో చేసిన పరీక్షల్లో బయటపడింది. మనం తవ్వి తవ్వి విసిగి వదిలేసే గరిక సంగతిది. ఇక వేరుశనగ మొలక ఎంత?

ఆ రసాయనం పైరు వేరుకు తగిలినప్పుడు ఏం జరుగుతుంది? వేరు కూడా మనలాగే ఊపిరి తీస్తుంది. పీల్చిన ఆక్సిజన్‌లో కొంచెం ఎప్పుడూ దారి తప్పుతుంది. సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి మంట పుట్టించే రూపాల్లోకి మారుతుంది. ఆరోగ్యంగా ఉన్న వేరు వీటిని ఎప్పటికప్పుడు ఆర్పేస్తుంది. అందుకు కాటలేజ్, పెరాక్సిడేజ్ వంటి ఎంజైములు దానికున్నాయి. బయటి నుండి ఫినాల్ ఆమ్లాల వంటి విషం వచ్చి పడితే మంట పెరుగుతుంది, ఆర్పే శక్తి చాలదు. దీన్నే శాస్త్రవేత్తలు ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు. మొదట దెబ్బ తగిలేది కణం చుట్టూ ఉండే పలుచటి కొవ్వు పొరకు.

ఈ కొవ్వు పొర సంగతి వేరుశనగ రైతుకు అర్థం కానిదేం కాదు. గానుగ నూనె డబ్బాకు మూత పెట్టకుండా ఎండలో వదిలేస్తే నాలుగు వారాల్లో ముక్కిపోయిన వాసన వస్తుంది. నూనెను ఆక్సిజన్ కొరికితే వచ్చే వాసన అది. పైరు వేరు కొనలో జరిగేదీ అదే పని. బతికున్న వేరు పొర ముక్కిపోతుంది. నూనె ఎంత ముక్కిందో చూడ్డానికి ప్రయోగశాలలో మాలోన్‌డయాల్డిహైడ్ అనే పదార్థాన్ని కొలుస్తారు. వేరుకు ఎంత దెబ్బ తగిలిందో చూడ్డానికి కొలిచేదీ దాన్నే. పొర చిల్లులు పడ్డాక లోపలి లవణాలు బయటికి కారిపోతాయి. వేరు పొడవు పెరిగేది కొనలోని కొన్ని మిల్లీమీటర్ల మేరనే. ఆ కొన గోధుమరంగుకు తిరిగి ఆగిపోతుంది, నూగు వేర్లు రావు. నేలలో నీళ్లున్నా తాగే నోరు లేదు, ఎరువున్నా తినే నోరు లేదు. ఇటువంటి ఫినాల్ ఆమ్లాలు వేరుబుడిపెల్లోని రైజోబియం బాక్టీరియానూ దెబ్బ తీస్తాయి. వేరుశనగ, పప్పుశనగ, కంది బతికేదే ఆ బుడిపెల మీద కదా.

మరి ఈ మంట సీమలోనే ఎందుకింత బాధిస్తుంది? బెట్ట వల్ల. వాన రెండు మూడు వారాలు మొఖం చాటేస్తే చాలు, ఏ విషం లేకున్నా వేరులో ఇదే మంట పుడుతుంది. కోస్తాలో కాలువ కింది పైరు ఒక్క శత్రువుతో పోరాడితే మన పైరు ఇద్దరితో పోరాడాలి. పైగా ఈ రసాయనాలను తిని కరిగించేది నేలలోని సూక్ష్మజీవులు. వాటికి తేమ కావాలి, సేంద్రియ పదార్థం కావాలి. మన ఎర్రనేలల్లో ఆ రెండూ తక్కువే. ఎండాకాలమంతా గట్టు కింద రాలి పేరుకున్న ఆకు మీద తొలకరి వాన పడుతుంది. కషాయం దిగినట్టు విషం దిగుతుంది. సరిగ్గా అదే వారం మనం విత్తనం వేస్తాం.

ఇక్కడొక వాదన ఎదురవుతుంది. కంప కూడా చిక్కుడు జాతిదే, నేలకు నత్రజని ఇస్తుంది, చవుడు నేలను బాగు చేస్తుంది అంటారు కొందరు పండితులు. నిజమే, కంప కింది మట్టిలో నత్రజని, సేంద్రియ కర్బనం ఎక్కువే ఉంటాయి. కంప కొట్టేసి దున్నిన బీడులో కొన్ని వానల తర్వాత పంట బాగా రావడం మనలో చాలామంది చూశారు. ఆ చూసిందే మా వాదనకు సాక్ష్యం. సారం ఉంది, చెట్టున్నంత కాలం అది పైరుకు అందదు. చెట్టు పోయాక, విషం కరిగాక అందుతుంది. బ్యాంకులో డబ్బుండి తాళం షావుకారి దగ్గరుంటే మనకేం ఉపయోగం?

ప్రయోగశాలలో గాజు పళ్లెంలో జరిగింది చేలో జరగదని మరో మాట. ఇందులో కొంత న్యాయముంది. సీసాలో వాడిన మోతాదు చేలో ఉండకపోవచ్చు, నల్లరేగడి బంకమన్ను కొంత విషాన్ని పట్టి ఉంచుతుంది, వాన బాగా పడితే కొన్ని రకాల విషాలు త్వరగానే విరిగిపోతాయి. అయితే చేలోనూ, అడవిలోనూ చూసిన పరిశోధనలు లేకపోలేదు. 2012లో ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి మన దేశంలో కంప కింద ఏం మొలుస్తోందో, జమ్మి కింద ఏం మొలుస్తోందో పోల్చి చూశారు. కంపా జమ్మీ ఒకే కుటుంబం, అన్నదమ్ముల బిడ్డలు. కంప కింద మొక్కల రకాలు బాగా తగ్గిపోయాయి. జమ్మి కింద అలా జరగలేదు. ఆశ్చర్యమేమంటే కంప తన పుట్టింట్లో, దక్షిణ అమెరికాలో, పక్క మొక్కలకు ఇంత చేటు చేయడం లేదు. అక్కడి మొక్కలు తరతరాలుగా దాంతో కాపురం చేసి తట్టుకోవడం నేర్చాయి కాబట్టి కావచ్చు. మన గరికకు, మన జొన్నకు, మన శనగకు ఆ అలవాటు లేదు. దసరాకు జమ్మి కొమ్మకు మొక్కే మన జనం, రాజస్థాన్‌లో జమ్మి కిందే సజ్జ పండించే రైతులు, ఏ చెట్టును చేలో ఉంచాలో శాస్త్రం కంటే ముందే తెలుసుకున్నారు. అడవి శాఖే ఆ తేడా పట్టించుకోలేదు.

పొలం దగ్గర ఈ తెలియనితనం ఎవరికి లాభమైందో చూద్దాం. సాళ్లు పసుపు పడగానే రైతు అంగడికి పోతాడు. మొదట జింకు అంటారు, తర్వాత ఇనుము అంటారు, ఆపైన వేరుకుళ్లు మందు పోయమంటారు, చివరికి వేరును 'లేపే' టానిక్. బయో స్టిమ్యులెంట్లను 2021లోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. పల్లె అంగట్లో మాత్రం సీసా మీద బొమ్మే సాక్ష్యం, అమ్మేవాడే శాస్త్రవేత్త. కాలిన వేరుకు ఎరువు వేస్తే నోరు కుట్టేసినవాడికి విందు పెట్టినట్టే. తిననిది నేలలో మిగులుతుంది, అప్పు మాత్రం రైతు నెత్తిన మిగులుతుంది. అంగడివాణ్ని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. రైతు సేవా కేంద్రంలో కూర్చున్న సహాయకుడికి ఈ విషయం ఒక పూట శిక్షణలోనైనా చెప్పించని శాఖదే పెద్ద బాధ్యత.

మీ గట్టు మీద కంపను మీరే కొట్టుకోవచ్చు కదా అని అధికారులు అంటారు. కొడతాం. కొట్టినా ఏం జరుగుతుందో వాళ్లకూ తెలుసు. పైపైన నరికితే ఒక కొమ్మకు పది కొమ్మలు లేస్తాయి. మొదలు కింద జానెడు లోతు తవ్వి వేరుతో తెంపాలి, లేకుంటే అది చావదు. ఆ ముల్లు గుచ్చుకుంటే కాలు చీము పట్టి వారం పని పోతుంది, ట్రాక్టరు టైరే ఆగదు. జేసీబీ పెట్టాలంటే గంటకింతని బాడిగ. ఇదంతా చేసినా పక్కనే చెరువులో, వంకలో, కేసీ కాలువ గట్టు మీద, రోడ్డు పక్కన, రెవెన్యూ బీడులో సర్కారు వారి కంప అడవిలా నిలబడి ఉంటుంది. మేక ఒక్క పూట అక్కడ మేసొస్తే మళ్లీ మొదటికే. మన పొలం శుభ్రం చేసుకోవడం మన పని, విత్తన ఖార్ఖానా మూయించడం సర్కారు పని. ఆ ఖార్ఖానా నడుస్తున్నంత కాలం రైతుకు నీతులు చెప్పే హక్కు ఏ అధికారికీ లేదు.

కౌలు రైతు గతి ఇంకా అధ్వానం. చేను కౌలుకొచ్చింది, గట్టు రాలేదు. గట్టు మీది కంపను కట్టెలకని యజమాని ఉంచుకుంటాడు, నష్టపోయే సాళ్లకు మాత్రం కౌలు పూర్తిగా కట్టాలి. నాలుగు సాళ్లు పోయాయని కౌలు తగ్గించిన యజమానిని మేమింతవరకూ చూడలేదు.

ఒక సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. ఈ కంప మీద బతికే పేదలున్నారు. బొగ్గు బట్టీల కూలీలున్నారు, కట్టెలమ్ముకునే ఆడవాళ్లున్నారు, ఎండాకాలం దాని కాయ తప్ప మేత దొరకని గొర్రెల కాపర్లున్నారు. కంప తీయడమంటే ఒక కాంట్రాక్టరు నాలుగు జేసీబీలతో దిగి, కట్టె మొత్తం లారీలకెత్తుకుపోయి, గుంతలు మిగల్చడమని పాలకులు అనుకుంటే మా సంఘం అడ్డుపడుతుంది. ఉపాధి పని కింద కూలీలతో తీయించాలి. ముల్లుకు తగ్గ కూలి రేటు కట్టాలి, చెప్పులు, చేతి తొడుగులు ఇవ్వాలి. వచ్చిన కట్టెలో మొదటి వాటా ఆ ఊరి భూమి లేని కుటుంబాలది కావాలి. ఖాళీ అయిన బీడులో వేప, జమ్మి, మేత గడ్డి నాటి కాపర్లకు హక్కుగా ఇవ్వాలి. లేకుంటే ఆ ఖాళీలోకి వచ్చేది కంపే.

ఇది సాధ్యం కాని కోరికేం కాదు. పక్క రాష్ట్రం తమిళనాడులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఈ చెట్టును తొలగించమని ప్రభుత్వాన్ని నిలదీసింది. 2022లో ఆ రాష్ట్రం దురాక్రమణ మొక్కల మీద ఒక విధానమే ప్రకటించింది. కెన్యాలో బరింగో ప్రాంతపు పశుకాపరులు ఇంకా ముందే తమ ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చారు. అక్కడా ఇదే కంప, దాన్ని నాటించినదీ బయటివాళ్ల పథకమే. తియ్యటి కాయ తిని తిని పళ్లూడిపోయిన మేకను సాక్ష్యంగా కోర్టు దగ్గరికి తోలుకుపోయారు. దేశంలో మొదటి విత్తనం పడిన జిల్లాలో ఉన్న మనం ఇంతవరకూ ఒక విధాన పత్రం కూడా సంపాదించలేకపోయాం.

కంపతో పాటు వయ్యారిభామను కూడా లెక్కలోకి తేవాలి. అది వదిలే పార్థెనిన్ కూడా వేరును ఇలాగే కాలుస్తుంది. పైగా దానికి ఇంకో నేరం ఉంది. 2000లో పక్కనున్న అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్లు తెగులు వచ్చి రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట నాశనమైంది. తామర పురుగులు మోసుకొచ్చిన ఆ వైరస్ దాక్కున్నది రోడ్ల పక్కన, బీళ్లలో పూచిన వయ్యారిభామలోనే. నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఆ రోడ్డు పక్క స్థలం ఏ రైతు పట్టాలో ఉంది? మెక్సికో నుండి 1980ల్లో బెంగళూరుకు తెచ్చిన ఒక పెంకు పురుగు ఈ మొక్క ఆకును తిని తగ్గిస్తుంది. వానాకాలంలో ఆ పురుగులను పెంచి ఊరూరా వదలడం వ్యవసాయ శాఖకు పెద్ద ఖర్చూ కాదు.

అందుకే ఈ సారి వట్టి వినతిపత్రంతో పోవద్దని నిర్ణయించాం. ప్రతి గ్రామ కమిటీ ఒక చిన్న పరీక్ష చేయాలి. రెండు పాత డబ్బాలు తీసుకోండి, అడుగున చిల్లులు పెట్టండి. ఒకదాన్లో గట్టు మీది కంప కింద రాలిన ఆకుతో సహా పైమట్టి, రెండోదాన్లో అదే చేను మధ్యలోని పైమట్టి నింపండి. రెంటిలోనూ ఇరవై చొప్పున ఒకే సంచిలోని శనగ గింజలు వేయండి. ఒకే ఎండలో పెట్టి, ఒకే గ్లాసుతో నీళ్లు పోయండి. అలా చేస్తే నీడ వల్ల, నీళ్ల పోటీ వల్ల అని తప్పించుకునే వీలు ఎవరికీ ఉండదు. పన్నెండో రోజు మొలకలు లెక్కపెట్టి, మట్టి కడిగి వేర్లను స్కేలుతో కొలవండి. తేడా రాకుంటే రాలేదనే రాయండి, ఏ నేలలో విషం నిలుస్తుందో ఏ నేలలో నిలవదో అదీ మనకు తెలియాలి. తేడా వస్తే సర్వే నంబరుతో, రైతు లేదా కౌలు రైతు సంతకంతో కాగితం రాయండి. పక్కనున్న ప్రభుత్వ స్థలం చెరువా, కాలువ గట్టా, రోడ్డా, బీడా అనేది కూడా అందులో ఉండాలి. పరిశోధనకు నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, మన కాగితాలు చూసి మన మట్టి మీద పని చేయమని వాళ్లనూ అడుగుదాం.

ఈ లోపు విత్తే ముందు గట్టు వారన రాలిన కంప ఆకును, కాయను ఊడ్చి చేను బయటికి తీయండి, పచ్చిగా మాత్రం దున్నేయొద్దు. మేకల పెంటను బాగా మాగనిచ్చాకే తోలండి. కాగితాలు, వేర్లు కనిపించేలా ఆ రెండు డబ్బాలు గ్రామసభకు తీసుకురండి. గ్రామసభ తీర్మానం రాయకుంటే అవే డబ్బాలు మండల కార్యాలయం మెట్ల మీద పెడదాం.